వాటర్‌గేట్ అర: అమెరికా రాజకీయాల పాత పుస్తకాలు, సంతకాల ప్రతులు సేకరించే పద్ధతి

అమెరికా రాజకీయాల్లో సంతకం చేసిన పుస్తకానికి కరువు లేదు. పదవికి పోటీ చేసేవారు దిగేముందు ఒక పుస్తకం రాస్తారు, పదవి వదిలాక ఇంకొకటి రాస్తారు, రెండింటికీ ఊరూరా తిరిగి సంతకాలు పెడతారు. 2024 డిసెంబరులో నూరేళ్ల వయసులో కన్నుమూసిన జిమ్మీ కార్టర్ ఒక్కరే ముప్పైకి పైగా పుస్తకాలు రాసి, బారులు తీరిన జనానికి విసుగు లేకుండా సంతకాలు చేశారు. దొరకనిది వేరే ఉంది. మొదటి ముద్రణ, ధర కత్తిరించని జాకెట్ (అట్ట మీద తొడిగే కాగితం), చేత్తోనే పెట్టారని నమ్మదగిన సంతకం, ఈ మూడూ ఒకే ప్రతిలో కలవడం కష్టం. అందుకే కొనేటప్పుడు ముందు పుస్తకాన్ని చూడాలి, సంతకాన్ని తర్వాత చూడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, ఎనిమిదో ముద్రణ మీద ఆటోపెన్ (సంతకం గీసే యంత్రం) గీతకు డబ్బు పోస్తారు.

మొదటి మెట్టు: అంశాన్ని ఇరుకు చేయండి

"అమెరికా రాజకీయాలు" అని మొదలుపెడితే రెండేళ్లకు ఇల్లు నిండుతుంది, అందులో సేకరణ మాత్రం కనబడదు. ఒక ఎన్నిక, ఒక కుంభకోణం, ఒక రాష్ట్రం, ఒక రచయిత, ఏదో ఒకదాన్ని పట్టుకోండి. ఉదాహరణకు రాబర్ట్ కారో రాసిన లిండన్ జాన్సన్ జీవిత చరిత్ర. ఇప్పటిదాకా వచ్చినవి నాలుగే సంపుటాలు (1982, 1990, 2002, 2012), నాలుగూ నాఫ్ ప్రచురణ సంస్థవే. పని చిన్నది, పూర్తవుతుంది. భారతీయ మూలాలున్న నాయకుల పుస్తకాలు సేకరించాలనుకుంటే 1956లో కాంగ్రెస్‌కు ఎన్నికైన దలీప్ సింగ్ సౌంద్ 1960లో ప్రచురించిన "కాంగ్రెస్‌మన్ ఫ్రమ్ ఇండియా" దగ్గర మొదలుపెట్టాలి.

ఇక్కడ వాటర్‌గేట్‌ను నమూనాగా తీసుకుందాం. 1972 జూన్ 17న వాటర్‌గేట్ భవనంలోని డెమోక్రాటిక్ పార్టీ కార్యాలయంలో దొంగతనం పట్టుబడింది, 1974 ఆగస్టు 9న అధ్యక్షుడు నిక్సన్ దిగిపోయారు. ఆ తర్వాతి ఏళ్లలో చేసినవారు, చేయించినవారు, పట్టుకున్నవారు, తీర్పు చెప్పినవారు అందరూ పుస్తకాలు రాశారు. ఒకే సంఘటనను ఇన్ని వైపుల నుంచి చెప్పిన అర ఇంకో అంశంలో కుదరదు.

అరలో ఉండాల్సినవి ఇవి. పాత్రికేయుల వైపు నుంచి వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్‌ల "ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్" (1974), "ది ఫైనల్ డేస్" (1976), వాషింగ్టన్ పోస్ట్ సంపాదకుడు బెన్ బ్రాడ్లీ "ఎ గుడ్ లైఫ్" (1995), ఆ పత్రిక యజమాని కేథరిన్ గ్రాహమ్ "పర్సనల్ హిస్టరీ" (1997, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి). నిక్సన్ మనుషుల వైపు నుంచి జెబ్ మగ్రూడర్ (1974), జాన్ డీన్ "బ్లైండ్ యాంబిషన్" (1976), చార్లెస్ కోల్సన్ "బార్న్ అగైన్" (1976), హాల్డమన్ "ది ఎండ్స్ ఆఫ్ పవర్" (1978), గోర్డన్ లిడ్డీ "విల్" (1980), ఎర్లిక్‌మన్ "విట్‌నెస్ టు పవర్" (1982). విచారించినవారిలో ప్రత్యేక ప్రాసిక్యూటర్ లియాన్ జవోర్‌స్కీ (1976), జడ్జి సిరికా (1979), సెనెటర్ శామ్ ఎర్విన్ (1980), అభిశంసన విచారణలో మాట్లాడి దేశాన్ని కదిలించిన బార్బరా జోర్డన్ స్వీయచరిత్ర (1979). వీటన్నిటికీ ఎదురుగా నిక్సన్ "ఆర్ఎన్" (1978). ఇక చమత్కారమంతా ఒక్క పుస్తకంలో ఉంది. ఎఫ్‌బీఐ అధికారి మార్క్ ఫెల్ట్ 1979లో "ది ఎఫ్‌బీఐ పిరమిడ్" రాసి, వుడ్‌వర్డ్‌కు రహస్యంగా సమాచారం అందించిన "డీప్ థ్రోట్"ను తాను కానని అందులో చెప్పారు. 2005లో ఆయనే డీప్ థ్రోట్ అని బయటపడింది. అబద్ధం అచ్చులో ఉన్న ఆ ప్రతి లేకపోతే ఈ అరకు రుచి లేదు.

పట్టిక కాగితం మీద రాసుకున్నాక, రెండు ప్రతులు అనవసరంగా కొనకుండా ఫోన్‌లో పెట్టుకోండి.

రెండో మెట్టు: కాపీరైట్ పేజీ చదవడం

టైటిల్ పేజీ వెనక వైపు ఉండేదే కాపీరైట్ పేజీ. అక్కడ అడుగున ఒక అంకెల వరుస కనిపిస్తుంది. "10 9 8 7 6 5 4 3 2 1" కావచ్చు, "1 3 5 7 9 10 8 6 4 2" కావచ్చు. క్రమం ఏదైనా సరే, వరుసలో మిగిలి ఉన్న అతి చిన్న అంకే ఆ ప్రతి ఎన్నో ముద్రణో చెబుతుంది. 1 ఉంటే మొదటిది. 4 నుంచి మొదలైతే నాలుగోది, పైన "ఫస్ట్ ఎడిషన్" అని అచ్చు వేసి ఉన్నా సరే. ఆ మాట తీసేయడం మర్చిపోయి రెండో, మూడో ముద్రణలు వేసిన సంస్థలు ఉన్నాయి కనుక అంకెకే విలువ ఇవ్వండి.

మినహాయింపులు తెలియకపోతే మంచి ప్రతిని చేజార్చుకుంటారు:

- ర్యాండమ్ హౌస్ 2000 దశకం మొదటి దాకా మొదటి ముద్రణలో "ఫస్ట్ ఎడిషన్" అని రాసి, వరుసను 2తో ఆపేది. రెండో ముద్రణకు ఆ మాట చెరిపేసేది. అంటే అక్కడ 1 లేకపోవడం తప్పు కాదు. రిచర్డ్ బెన్ క్రేమర్ "వాట్ ఇట్ టేక్స్" (1992) వంటివి చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.
- నాఫ్ పాత పుస్తకాల్లో అంకెలు ఉండవు. "ఫస్ట్ ఎడిషన్" అన్న మాట ఉండి, "సెకండ్ ప్రింటింగ్" వంటి మాట లేకుండా ఉండాలి.
- హార్పర్ అండ్ రో వరుసలో ఎడమ వైపు ఏళ్లు, కుడి వైపు ముద్రణలు కలిసి ఉంటాయి. జెరాల్డ్ ఫోర్డ్ "ఎ టైమ్ టు హీల్" (1979) చూస్తే 79, 80, 81 అన్నవి ఏళ్లు. వాటిని వదిలేసి కుడి వైపు చివరి అంకె చూడండి.
- 1960కి ముందూ వెనకా వచ్చిన చాలా పుస్తకాల్లో వరుసే ఉండదు. గోల్డ్‌వాటర్ "ది కాన్షియెన్స్ ఆఫ్ ఎ కన్సర్వేటివ్" (కెంటకీలోని షెపర్డ్స్‌విల్‌లో విక్టర్ పబ్లిషింగ్, 1960) అదే ఏడాది ఎన్నో ముద్రణలు పొందింది. 1960 అన్న సంవత్సరం ఒక్కటే చూసి మురిసిపోకండి.

మూడో మెట్టు: బుక్ క్లబ్ ప్రతిని ఏరేయడం

1970ల రాజకీయ పుస్తకాల్లో అందరూ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. నెలనెలా సభ్యులకు పుస్తకాలు పంపే క్లబ్బులు అదే అట్టబొమ్మతో తమ ప్రతులు వేసుకున్నాయి. "ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్" పాత దుకాణంలో కనబడిందంటే అది క్లబ్ ప్రతి అయ్యే అవకాశమే ఎక్కువ. వెతకాల్సిన గుర్తులు:

జాకెట్ ముందు మడత పై మూలన ధర ఉండాలి. ఆ పుస్తకానికి 8.95 డాలర్లు. ధర లేకపోతే అనుమానించండి. మూల కత్తిరించి ఉంటే మరీ అనుమానించండి, ఎందుకంటే ధర లేని సంగతి దాచడానికి కూడా మూల కత్తిరిస్తారు. మడత కింది వైపు "బుక్ క్లబ్ ఎడిషన్" అన్న చిన్న అక్షరాలు ఉన్నాయేమో చూడండి. జాకెట్ తీసి వెనక అట్ట కింది మూల, వెన్నుకు దగ్గరగా వేలితో తడమండి. చిన్న చుక్కో, చతురస్రమో, రంగు లేకుండా లోపలికి నొక్కి ఉంటే అది క్లబ్ గుర్తు. దీపానికి ఏటవాలుగా పట్టుకుంటేనే కనబడుతుంది. తర్వాతి కాలం క్లబ్ ప్రతుల వెనక జాకెట్ మీద బార్‌కోడ్ ఉండాల్సిన చోట తెల్ల డబ్బాలో ఐదంకెల సంఖ్య ఉంటుంది. కాగితం పలచన, బరువు తక్కువ, కొలత కాస్త చిన్న.

కొన్ని క్లబ్ ప్రతులు అసలు ప్రచురణ పలకలతోనే అచ్చయ్యాయి. వాటి కాపీరైట్ పేజీలో అంకెల వరుస 1తో సహా అలాగే ఉండిపోతుంది. కాబట్టి కాపీరైట్ పేజీ ఒక్కటే చూసి తేల్చేయకూడదు. జాకెట్, అట్ట, కాపీరైట్ పేజీ మూడూ ఒకే మాట చెప్పాలి.

నాలుగో మెట్టు: స్థితి

అమ్మకందారుల భాషలో "ఫైన్" అంటే కొత్తదానికి దగ్గర, "నియర్ ఫైన్" దానికి ఒక మెట్టు కింద, "వెరీ గుడ్" అంటే వాడినట్టు కనబడుతుంది కానీ చిరుగులు పెద్దవి లేవు. "గుడ్" అంటే మంచిదని కాదు, చదువుకోవడానికి పనికొస్తుందని. రెండు గ్రేడులు వాలు గీతతో రాస్తే మొదటిది పుస్తకానికి, రెండోది జాకెట్‌కు.

ఈ కాలపు పుస్తకాల్లో విలువ చాలావరకు జాకెట్‌లోనే ఉంటుంది. జాకెట్ లేని మొదటి ముద్రణను చదువుకునే ప్రతిగానే లెక్కేసుకోండి. వెన్ను రంగు వెలిసిందా అని ముందు అట్టతో పోల్చి చూడండి. ఎరుపు త్వరగా వెలుస్తుంది. అడుగు అంచు మీద మార్కర్ గీతో చుక్కో ఉంటే అది మిగిలిపోయిన సరుకుగా తక్కువ ధరకు వదిలించుకున్న ప్రతి. గ్రంథాలయం ముద్ర, జేబు, జిగురు మచ్చ ఉంటే అరుదైన పుస్తకం తప్ప వద్దు.

ఒక పుస్తకానికి ఇంకో ముద్రణ జాకెట్ తొడగడం మామూలే. దాన్ని పట్టుకోవడానికి తేలికైన దారి ఉంది. పుస్తకం బయటికి రాకముందే అచ్చయిన జాకెట్ మీద దానికి తర్వాత వచ్చిన బహుమతి ప్రస్తావన ఎలా ఉంటుంది? కెన్నెడీ "ప్రొఫైల్స్ ఇన్ కరేజ్" 1956 జనవరిలో వచ్చింది, పులిట్జర్ 1957లో. జాకెట్ మీద పులిట్జర్ మాట ఉంటే ఆ జాకెట్ తర్వాతిది. పత్రికల సమీక్షల్లోంచి తీసిన పొగడ్తలున్నా అంతే.

ఐదో మెట్టు: సంతకాన్ని పరీక్షించడం

ఇక్కడ తొందర పనికిరాదు. రాజకీయ నాయకుల సంతకాల్లో నకిలీకారుల కన్నా ముందు వాళ్ల సొంత కార్యాలయాలనే అనుమానించాలి. కెన్నెడీకి యంత్రం ఉండేది, ఆయన కార్యదర్శి ఎవలిన్ లింకన్ కూడా ఆయన పేరు సంతకం చేసేవారు. నిక్సన్ తరఫున ఆయన కార్యదర్శి రోజ్ మేరీ వుడ్స్ చేసేవారు. ప్రచురణకర్తలు "చేత్తో చేసింది" అన్నా నిశ్చింతగా ఉండలేం. 2022లో బాబ్ డిలన్ పుస్తకాన్ని 599 డాలర్లకు చేతి సంతకం ప్రతి అని అమ్మాక అవి ఆటోపెన్‌తో చేసినవని కొనుక్కున్నవారే కనిపెట్టారు, ప్రచురణ సంస్థ డబ్బు వాపసు ఇచ్చింది.

పరీక్ష ఈ వరుసలో చేయండి.

ముందు తేదీలు. దీనికి ఖర్చు లేదు, భూతద్దమూ అక్కర్లేదు. హాల్డమన్ 1993 నవంబరులో చనిపోయారు. ఆయన డైరీల పుస్తకం 1994లో వచ్చింది. కాబట్టి "హాల్డమన్ డైరీస్" మీద ఆయన సంతకం ఉండే వీలే లేదు. రాబర్ట్ కెన్నెడీ ముందుమాటతో 1964లో వచ్చిన "ప్రొఫైల్స్ ఇన్ కరేజ్" స్మారక ప్రతి మీద జాన్ కెన్నెడీ సంతకం కూడా అంతే. తనకు అల్జీమర్స్ ఉందని రీగన్ 1994 నవంబరులో దేశానికి లేఖ రాశారు. ఆ తర్వాతి తేదీతో ఆయన సంతకం చూపిస్తే దూరంగా ఉండండి. పుస్తకం ఎన్నో ముద్రణో కూడా చూడండి. సంతకం కింద వేసిన తేదీ కన్నా ఆ ముద్రణ తర్వాతిదైతే కథ అక్కడే ముగుస్తుంది.

తర్వాత అచ్చు సంతకమా అని చూడాలి. ప్రచార పుస్తకాల్లో, ముందుమాట చివర, ఒక్కోసారి ఖాళీ పేజీలో కూడా సంతకం బొమ్మను అచ్చు వేస్తారు. 10 రెట్లు పెంచి చూపే భూతద్దం కింద అచ్చు గీత చుక్కలుగానో, అంచు నుంచి అంచుకు ఒకే నలుపుగానో ఉంటుంది. నిజమైన సిరా కాగితం పోగుల వెంట పాకుతుంది, గీత మీద గీత పడిన చోట చిక్కబడుతుంది. బాల్‌పెన్ అయితే పేజీ వెనక వేలికి గాడి తగులుతుంది.

మూడోది ఆటోపెన్. మనిషి చేతిలో కలం కదులుతూనే కాగితాన్ని తాకుతుంది, కదులుతూనే లేస్తుంది. అందుకే గీత మొదలూ చివరా సన్నబడతాయి. యంత్రం కలాన్ని దించి ఆగి కదులుతుంది, ఆగి లేపుతుంది. మొదట్లో, చివర్లో గుండ్రటి సిరా చుక్కలు పడతాయి. ఒత్తిడి అంతటా ఒకేలా ఉంటుంది, వంపుల దగ్గర సన్నటి వణుకు కనబడుతుంది. అన్నిటికన్నా గట్టి పరీక్ష పోలిక. అదే పుస్తకం సంతకం ప్రతుల ఫోటోలు అమ్మకాల సైట్ల నుంచి ఓ పది సేకరించి, ఫోటో యాప్‌లో ఒకదాని మీద ఒకటి సగం పారదర్శకంగా పెట్టండి. మనిషి రెండుసార్లు ఒకేలా సంతకం చేయలేడు. రెండు సంతకాలు గీతకు గీత కలిసిపోతే అది యంత్రమే. కలవకపోయినంత మాత్రాన చేతిదని కాదు. ఒక్కో కార్యాలయంలో రెండు మూడు నమూనాలు ఉంటాయి, కాగితం కాస్త జరిగినా సాగినట్టు కనబడుతుంది.

చివరగా సంతకం ఎక్కడుందో చూడండి. టైటిల్ పేజీ మీద పెట్టింది మేలు. విడిగా అంటించిన చీటీ మీద ఉంటే విలువ తక్కువ. ఈమధ్య వచ్చే "సైన్డ్ ఎడిషన్"లలో సంతకం ముందే ఖాళీ కాగితాల కట్టల మీద చేయించి, బైండింగులో ఆ కాగితాన్ని కలుపుతారు. ఆ పేజీ మొదలు దగ్గర సన్నటి జిగురు పట్టీ కనిపిస్తుంది. అది మోసమేమీ కాదు, కానీ రచయిత ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు. ఎదురుగా కూర్చుని చేసినదాని ధర దీనికి ఇవ్వకండి.

పేరు రాసి ఇచ్చిన ప్రతుల మీద చాలామందికి చిన్నచూపు. వట్టి సంతకానికే ధర ఎక్కువ పలుకుతుంది, నిజమే. మా లెక్కలో మాత్రం రెండు వరుసలు రాసి పేరు పెట్టిన ప్రతి ఎక్కువ భద్రం. ఆటోపెన్‌తో అందరికీ వేర్వేరు వాక్యాలు రాయించడం కష్టం, నకిలీకారుడు ఎక్కువ అక్షరాలు రాసిన కొద్దీ దొరికిపోతాడు. ఆ పేరు వాటర్‌గేట్ కమిటీలో పనిచేసిన వారిదో, ఆనాటి విలేకరిదో అయితే ఆ ప్రతి ధర వేరు.

"సర్టిఫికెట్ ఆఫ్ అథెంటిసిటీ" అన్న కాగితాన్ని అమ్మేవాడే కంప్యూటర్‌లో అచ్చు వేసుకోవచ్చు. కాగితం ఉందా అని కాదు, ఎవరిచ్చారని అడగండి. పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ వంటి సంతకాలు పరీక్షించే సంస్థల స్టిక్కర్ మీది సంఖ్యను వాళ్ల సైట్‌లో వేసి, అక్కడి ఫోటోలో ఉన్నది మీ చేతిలోని సంతకమేనా అని పోల్చండి. పేరున్న పుస్తక వ్యాపారి సంతకం అసలైనది కాదని తేలితే ఎప్పుడైనా డబ్బు వాపసు ఇస్తానని రసీదు మీద రాసిస్తే అది ఏ స్టిక్కర్‌కన్నా మెరుగు.

ఆరో మెట్టు: ఎక్కడ వెతకాలి

సంతకాల ప్రతులు రచయిత బతికిన ఊళ్లోనే ఎక్కువ తేలుతాయి. శామ్ ఎర్విన్ ఉత్తర కరొలైనాలోని మోర్గన్‌టన్ మనిషి. షార్లెట్, రాలీ ప్రాంతాల్లో ఉన్న తెలుగువాళ్లు ఆయన పుస్తకం కోసం ఇంటర్నెట్‌కు వెళ్లే ముందు చుట్టుపక్కల గ్రంథాలయాల అమ్మకాలు చూడాలి. జవోర్‌స్కీ, బార్బరా జోర్డన్ ఇద్దరూ హ్యూస్టన్‌వాళ్లు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువ కనుక ఒక మాట. పాత పుస్తకాల గొలుసు దుకాణం హాఫ్ ప్రైస్ బుక్స్ పుట్టింది డాలస్‌లోనే, సంతకాలు వేలం వేసే హెరిటేజ్ సంస్థ ఉన్నదీ అక్కడే. ఆస్టిన్ దాకా వెళ్తే, వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్‌ల వాటర్‌గేట్ కాగితాలను 2003లో 50 లక్షల డాలర్లకు కొన్న టెక్సస్ విశ్వవిద్యాలయపు హ్యారీ ర్యాన్సమ్ సెంటర్ ఉంది. ఇద్దరి చేతిరాతలూ పోల్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

వాషింగ్టన్‌లో క్యాపిటల్ హిల్ బుక్స్, సెకండ్ స్టోరీ బుక్స్ తప్పక చూడాల్సినవి. అక్కడ పదవీ విరమణ చేసిన అధికారుల ఇళ్ల నుంచి పుస్తకాలు మూటలుగా వస్తాయి. గ్రంథాలయాల స్నేహితుల సంఘాలు పెట్టే అమ్మకాలకు మొదటి గంటలో వెళ్తే మంచి ప్రతులు, చివరి రోజు వెళ్తే సంచికి ఇంత అన్న ధరకు పుస్తకాలు. రెంటిలో మొదటి గంటే మేలు.

ఇంటర్నెట్‌లో ఏబ్‌బుక్స్, బిబ్లియో, ఈబే మూడూ చాలు. అడిగే ధరల్ని నమ్మకండి. ఈబేలో "సోల్డ్ ఐటమ్స్" అన్న గుర్తు పెడితే నిజంగా ఎంతకు పోయాయో తెలుస్తుంది. పెద్ద కొనుగోలుకు ఏబీఏఏ (అమెరికాలో పాత పుస్తకాల వ్యాపారుల సంఘం) సభ్యులైన వ్యాపారుల దగ్గరకు వెళ్లండి. ఎవరి దగ్గరైనా డబ్బు కట్టేముందు ఐదు ఫోటోలు అడగాలి: జాకెట్ ముందు వైపు, ధర ఉన్న మడత, కాపీరైట్ పేజీ, సంతకం పేజీ మొత్తం, అడుగు అంచు. సైట్‌లో కనబడే బొమ్మ చాలాసార్లు ఆ ప్రతిది కాదు. చౌక దుకాణాలు ఏ ప్రతి చేతికొస్తే అది పంపుతాయి. అక్కడ మొదటి ముద్రణ ఆశించడం లాటరీ.

ఇప్పుడు పదవిలో ఉన్నవాళ్ల పుస్తకాల విషయంలో నిదానం మంచిది. జె.డి. వాన్స్ "హిల్‌బిలీ ఎలిజీ" (హార్పర్, 2016) మీద తెలుగు ఇళ్లలో ఆసక్తి సహజం, ఆయన భార్య ఉష చిలుకూరి కుటుంబ మూలాలు ఆంధ్రప్రదేశ్‌లోనివి. కానీ ఎన్నికల వేడిలో పెరిగిన ధరలు వేడి తగ్గగానే దిగుతాయి, నకిలీలు కూడా ఆ వేడిలోనే పుడతాయి.

ఏడో మెట్టు: ఎదురుగా సంతకం చేయించుకోవడం

వాషింగ్టన్‌లోని పాలిటిక్స్ అండ్ ప్రోస్ వంటి దుకాణాలు రచయితల్ని పిలుస్తూనే ఉంటాయి. నిబంధనలు ముందే చదవండి. చాలా చోట్ల ఆ దుకాణంలో కొన్న ప్రతికే సంతకం, ఇంటి నుంచి తెచ్చిన పాతవి కుదరవు. పెద్ద నాయకుల సభల్లో ముందే సంతకం చేసిన ప్రతులు చేతిలో పెట్టి పంపేస్తారు. అది "ఎదురుగా" కిందికి రాదు.

టైటిల్ పేజీ దగ్గర జాకెట్ మడతను గుర్తుగా పెట్టి, పేరు రాయించాలంటే స్పెల్లింగ్ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మన పేర్లు విని రాస్తే ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే. ముదురు సిరా ఉన్న సన్నటి పిగ్మెంట్ కలం తీసుకెళ్లండి. లావు మార్కర్ పేజీ వెనక్కి ఊరుతుంది, జెల్ కలం నున్నటి కాగితం మీద అలుక్కుపోతుంది. సంతకం అయ్యాక ఒక నిమిషం తెరిచే ఉంచండి. రసీదు, టికెట్టు, సభ కరపత్రం పారేయకండి. రేపు ఆ సంతకానికి సాక్ష్యం అవే.

తపాలాలో పంపి సంతకం అడగాలంటే ముందు ఉత్తరం రాసి ఒప్పించండి. చరిత్రకారులు, విలేకరులు నాయకులకన్నా త్వరగా జవాబిస్తారు. ఒకటి మాత్రం చేయకండి. వాషింగ్టన్‌లోని కాంగ్రెస్, వైట్‌హౌస్ చిరునామాలకు పుస్తకం పంపొద్దు. 2001 ఆంత్రాక్స్ దాడుల తర్వాత అక్కడికి వెళ్లే తపాలాకు రేడియేషన్ పెడతారు. దాంతో కాగితం పసుపెక్కి పెళుసుబారుతుంది. సభ్యుడి సొంత జిల్లా కార్యాలయానికి పంపండి.

ఎనిమిదో మెట్టు: భద్రపరచడం

కొన్న రోజే జాకెట్‌కు పారదర్శక పాలియెస్టర్ తొడుగు వేయండి, దాన్ని జాకెట్‌కు టేపుతో అంటించకండి. చిరిగిన చోట మామూలు సెల్లోటేపు వేస్తే పదేళ్లకు గోధుమ రంగు మచ్చ మిగులుతుంది, అది పోదు. "ఆటోగ్రాఫ్‌డ్ కాపీ" స్టిక్కర్ గట్టిగా అంటుకుని ఉంటే వదిలేయండి.

పుస్తకాలు నిలువుగా, పక్కపుస్తకం ఆనుకునేంత బిగువుగా ఉండాలి. వదులుగా ఉంటే వెన్ను వాలిపోతుంది. వెయ్యి పేజీలు దాటిన లావు పుస్తకాల్ని పడుకోబెట్టండి, లేకపోతే లోపలి పేజీల బరువుకి బైండింగ్ కిందికి సాగుతుంది. 18 నుంచి 21 డిగ్రీలు, 35 నుంచి 50 శాతం తేమ ఆదర్శం. విశాఖ, కాకినాడల్లో ఇది ఏసీ లేకుండా సాధ్యం కాదు. కనీసం బయటి గోడకు నాలుగంగుళాలు ఎడంగా పెట్టండి. గాలాడని ఇనుప బీరువాలో వానాకాలం బూజు ఖాయం. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మారుస్తూ ఉండాలి. రామబాణం పురుగు వెన్ను జిగురునూ జాకెట్ నున్నదనాన్నీ కొరుకుతుంది. నాఫ్తలీన్ ఉండలు పుస్తకానికి తగలనివ్వకండి. పురుగు పట్టిన ప్రతిని పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచండి. తీశాక ఒక రోజంతా సంచి తెరవకుండా వదిలితే తేమ లోపలికి చేరదు.

తొమ్మిదో మెట్టు: లెక్క, రవాణా

ఒక్కో ప్రతికి ఒక వరుస రాయండి: పేరు, ప్రచురణ సంస్థ, ఏడాది, ముద్రణ, జాకెట్ మీది ధర, స్థితి, సంతకం ఏ పేజీలో, ఎవరి పేరుకు, ఎక్కడ ఎంతకు కొన్నారు, సాక్ష్యం ఏమిటి. కలంతో పుస్తకంలో ఏమీ రాయకండి. ఆమ్లం లేని చీటీ మీద మెత్తటి పెన్సిల్‌తో రాసి వేరే కవరులో ఉంచండి. వార్తాపత్రిక ముక్కలు పుస్తకంలో దాచితే ఆ పేజీలు రెండు వైపులా గోధుమ రంగుకు తిరుగుతాయి.

అమెరికా లోపల పంపడానికి మీడియా మెయిల్ (పుస్తకాల వంటివాటికి అక్కడి తపాలా శాఖ సేవ) చౌక, నిదానం, సంచులు విసిరేసే రకం. పుస్తకాన్ని ముందు శుభ్రమైన కాగితంలో, తర్వాత బుడగల ప్లాస్టిక్‌లో చుట్టి, రెండు వైపులా పుస్తకం కన్నా అంగుళం పెద్ద అట్టముక్కలు పెట్టి, కదలని పెట్టెలో పెట్టండి. మెత్తటి కవరులో పంపితే మూలలు నలిగి చేరతాయి. మీడియా మెయిల్ అమెరికా దాటదు. ఇండియాకు దిగుమతయ్యే పుస్తకాలపై 2019 బడ్జెట్ 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టింది. పంపేముందు అప్పటి రేటు చూసుకుని, డిక్లరేషన్‌లో "వాడిన పుస్తకాలు" అని, కొన్న ధర అని నిజమే రాయించండి. వచ్చే బంధువుల పెట్టెలో పంపేటట్టయితే సంతకం ఉన్నవి చేతిసంచిలో పెట్టమనండి, 23 కిలోల పెట్టెలో పచ్చళ్ల సీసాల పక్కన కాదు.